గోడ కోసం ఒట్టు

ఆ మంగళవారం చర్చిలో స్త్రీల సమాజానికి నలభై ఒక్కమంది వచ్చారు. మామూలుగా ఇరవై దాటరు. కార్పొరేషన్ ఎన్నికలకు ఇంకా ఎనిమిది రోజులున్నాయి. వార్డులో పోటీ చేస్తున్న వెంకటకృష్ణారావు తరఫున మనిషి వస్తాడని కాలనీలో అందరికీ తెలుసు. సమాజం కార్యదర్శి నాగమల్లేశ్వరి చాపలు చాలక పక్కింటి నుంచి మరో రెండు తెప్పించింది.

వచ్చిన మనిషి పేరు ధనుంజయ్. చెప్పులు మందిరం గుమ్మం బయట విడిచి, వెనక వరసలో కూర్చుని, ప్రార్థన ముగిసేదాకా తల వంచుకునే ఉన్నాడు. ముగిశాక లేచి చేతులు జోడించాడు.

"మీ సంఘం కవర్లు తీసుకోదని తెలుసమ్మా. అందుకే నేను వట్టి చేతుల్తో వచ్చా" అన్నాడు.

ఆడవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వారు. ఆ మాట వాళ్లకు నచ్చింది. పాల్ అయ్యగారు ఈ సంఘానికి పాస్టరుగా వచ్చి పన్నెండేళ్లయింది. వచ్చిన ఏడాదే ఓటుకు ఎవరూ డబ్బు కవరు తీసుకోకూడదని చెప్పారు. అప్పటి నుంచి ఎన్ని ఎన్నికలు వచ్చినా ఎవరూ తీసుకోలేదు. ఒకసారి నాగమల్లేశ్వరి ఇంట్లో లేనప్పుడు ఎవరో గుమ్మంలో చాట కింద కవరు పెట్టి పోయారు. ఆమె దాన్ని పట్టుకుని బెంజ్ సర్కిల్ దాకా ఆటోలో వెళ్లి పార్టీ ఆఫీసు బల్ల మీద పెట్టి వచ్చింది. ఆటో చార్జీ కూడా తనదే.

ధనుంజయ్ వచ్చిన పని చెప్పాడు. గెలిస్తే వెంకటకృష్ణారావు గారు సమాధుల తోటకు నాలుగు వైపులా ప్రహరీ గోడ కట్టిస్తారు.

సమాధుల తోట ఆటోనగర్ వెనక ఉంది. అర ఎకరం ఉంటుంది. ఒక పక్క కాలవ కట్ట, మూడు పక్కలా లారీలు. బాడీ కట్టే షాపులకు వచ్చిన బళ్లు మలుపు తిప్పుకోవడానికి అందులోకే వస్తాయి. జూన్‌లో ఒక టిప్పరు వెనక్కి వస్తూ సుబ్బరత్నం భర్త సమాధి మీది సిలువను విరగ్గొట్టింది. సుబ్బరత్నానికి డెబ్బై రెండేళ్లు. ఆమే ముందుగా అడిగింది.

"గేటుకి తాళం ఉంటదా బాబూ?"

"తాళంచెవి నీ కొంగునే కడతా పెద్దమ్మా."

"మరి మేమేం ఇయ్యాల?"

"ఏమీ వద్దు. ఓటేస్తామని మాటియ్యండి చాలు. అయితే వట్టి మాటలు మా అన్నగారు చాలా విన్నారు. మీ పుస్తకం మీద చెయ్యేసి అనండి. ఇంక నేను ఈ గుమ్మం తొక్కను."

కొందరు నాగమల్లేశ్వరి వైపు చూశారు. ఆమె ఆలోచించింది. డబ్బు లేదు. చీర లేదు. అడుగుతున్నది మాట ఒక్కటే, అదీ చచ్చిపోయినవాళ్ల కోసం కట్టే గోడకు. ఆమె లేచి వెళ్లి, అయ్యగారు ఆదివారం చదివే పెద్ద బైబిలు తీసుకొచ్చి రెండు అరచేతుల మీద పెట్టుకుని నిలబడింది.

వరస కదలడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఒక్కొక్కరు వచ్చి చెయ్యి పెట్టి, గుర్తు పేరు చెప్పి, ఒట్టేసి పోయారు. ధనుంజయ్ ఫోనులో వీడియో తీశాడు. చివరికి నాగమల్లేశ్వరి బైబిలును ఎడమచేత్తో పొట్టకు ఆనించుకుని కుడిచెయ్యి దాని మీద పెట్టింది.

ఇంటికి వెళ్లి భర్తకు చెప్పింది. జాన్‌బాబు లారీ బాడీలకు చెక్క పని చేస్తాడు. అన్నం తింటున్నాడు.

"ఒక్క రూపాయి తీసుకోలేదు తెలుసా" అంది.

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా."

"మరి అంతమంది చేత వరస కట్టించి వాడు ఏం పట్టుకెళ్లినట్టు?"

ఆమె మజ్జిగ వడ్డించింది.

*

నాగమల్లేశ్వరి ఆటోనగర్‌లో సీట్లు కుట్టే షాపులో పని చేస్తుంది. పంతొమ్మిదేళ్లుగా అదే మిషను. ఆమె పుట్టింది హిందువుల ఇంట్లో. జాన్‌బాబును చేసుకున్న నాలుగేళ్లకు, ఎవరూ చెప్పకుండా, తనంతట తనే బాప్తిస్మం తీసుకుంది. పేరు మార్చుకోమన్నారు. ఇదే పేరుతో దేవుడు తనను పిలిచాడు, ఇదే ఉండనివ్వండి అంది.

బుధవారం ఉదయం షాపు యజమాని సాంబమూర్తి రెగ్జిన్ చుట్ట దించుకుంటూ అన్నాడు.

"మల్లేశ్వరమ్మా, మీవాళ్లంతా నిన్న మందిరంలో ఒట్లేశారంటగా."

"మీకెవరు చెప్పారండీ?"

"ధనుంజయ్. టీ కొట్టు దగ్గర వీడియో చూపిస్తున్నాడు. మీరు కథానాయిక లాగా మధ్యలో నిలబడ్డారు." ఆయన నవ్వాడు. "ఏమంటున్నాడో తెలుసా? మావాళ్ల చేత నిమ్మకాయ మీద ఒట్టేయిస్తే సగం మంది తప్పుతారు. వీళ్ల బైబిలు అయితే గట్టిది, ఒక్కరు కూడా జారరు, అంటున్నాడు."

నాగమల్లేశ్వరి మిషను ఆపింది. సూది రెగ్జిన్‌లో దిగి ఉండిపోయింది.

"నిమ్మకాయ అన్నాడా?"

"నేను కాదమ్మా తల్లీ, వాడు."

ఆయన వేళాకోళం ఆమెకు కొత్త కాదు. క్రిస్మస్ కేకు అడిగి మరీ తింటాడు, ఆమె కూతురి పెళ్లికి ముందుండి పని చేశాడు. ఆయన మీద కోపం రాలేదు. ఆ మాట మాత్రం పొద్దంతా మిషను కింద తిరిగింది.

సాయంత్రం గంటసేపు వాన పడింది. ఆమె ఇంటికి వెళ్లాలంటే చీరల లైను దాటాలి. నేత ఊళ్ల నుంచి వచ్చిన ఇరవై ముప్ఫై కుటుంబాలు అక్కడ ఉంటాయి. మగ్గాలు మానేసి చీరల మూటలు బండి మీద వేసుకుని ఊళ్లు తిరిగి అమ్ముకుంటారు. వాన పడితే ఆ లైనులో మోకాలి దాకా నీళ్లు. రెండేళ్ల కిందటి దాకా ఇలా ఉండేది కాదు. లైను చివర గోడౌను కట్టినప్పుడు మురుక్కాలవ మీదికి నాలుగు అడుగులు జరిగి కట్టారు. నీళ్లు పోయే దారి సన్నబడింది. గోడౌను వెంకటకృష్ణారావు బావమరిదిది.

ఆ వీధిలో రోజూ నడిచే మనిషే నాగమల్లేశ్వరి. ఇది ఆమెకు తెలియక కాదు. మంగళవారం బైబిలు పట్టుకున్నప్పుడు గుర్తు రాలేదు, అంతే.

లైను మధ్యలో ఒకామె చీర కుచ్చిళ్లు దోపుకుని, మూటలు ఎత్తి మంచాల మీద పెడుతోంది. రేణుక. ఆమె కూడా వార్డులో పోటీ చేస్తోంది, అదే లైనులో ఉంటుంది. నాగమల్లేశ్వరి సంచి గుమ్మానికి తగిలించి, నీళ్లలో దిగి మూటకు రెండో కొస పట్టుకుంది. నాలుగిళ్లు అయ్యేసరికి ఇద్దరికీ రొప్పు వచ్చింది.

"ఏమ్మా, ఓటడగవా?" అంది నాగమల్లేశ్వరి.

"మీరు ఒట్టేశారంటగా అక్కా. మళ్లీ నేనడిగి మిమ్మల్ని ఇరకాటంలో పెట్టడం దేనికి?"

"మాకు సమాధుల తోటకి గోడ కావాలి. కట్టిస్తావా?"

రేణుక కొంగుతో మొహం తుడుచుకుంది.

"కట్టిస్తానని చెప్పలేను. ముందు ఈ కాలవ. గోడౌను వాళ్లు ఆక్రమించిన నాలుగు అడుగులూ వెనక్కి తియ్యాలి. దానికే ఎంత గొడవ అవుద్దో తెలీదు. అదయ్యాక మీ గోడ గురించి అడుగుతా. అడుగుతానంటున్నా, అయిపోద్దని కాదు."

"ఇట్టా చెప్తే ఎవరేస్తారే నీకు?"

"మా ఆయనా అదే అంటున్నాడు" అని రేణుక నవ్వింది.

ఇంటికి వచ్చి నాగమల్లేశ్వరి తడిసిన కాళ్లు కడుక్కుంది. తను ఏం చేసిందో ఇప్పుడు తేటగా కనిపించింది. పొరుగువాళ్ల ఇళ్లలోకి నీళ్లు పంపినవాళ్లకు ఓటేస్తామని, పొరుగువాణ్ని ప్రేమించమని చెప్పే పుస్తకం మీదే చెయ్యి పెట్టించింది. ఒక్కరి చేత కాదు. నలభై ఒక్కమంది చేత.

*

శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక అందరూ వెళ్లిపోయారు. ఆమె ఆగింది. పాల్ అయ్యగారు కుర్చీలు సర్దుతున్నారు.

"అయ్యగారండీ, ఈ ఆదివారం నేను బల్లలో చెయ్యి వెయ్యలేనండి."

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. మనసులో తేలని తప్పు పెట్టుకుని ఎవరూ తీసుకోరు. ఆమె ఒక్కసారి కూడా మానలేదు. ఆయన కుర్చీ కింద పెట్టారు.

"ఒట్టు సంగతేనా?"

"మీకు తెలుసా?"

"వీడియో నా ఫోనుకీ వచ్చింది. నేనూ రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నా. ఒట్టే వెయ్యొద్దన్నాడు ప్రభువు. వేశారు. ఇప్పుడు తప్పమని నేనెట్టా చెప్పను? తప్పితే అదో పాపం."

"నేనొకటి అడుగుతానండి. బైబిల్లో ఆ రాజు విందులో నాట్యం చేసిన పిల్లకి ఏమడిగినా ఇస్తానని ఒట్టేసి, నలుగుర్లో మాట పోకూడదని ప్రవక్త యోహాను గారి తల తీయించాడు కదండీ. మాట నిలబెట్టుకున్నందుకు దేవుడు మెచ్చుకున్నాడా ఆయన్ని?"

"లేదమ్మా" అన్నారు పాస్టరు గారు.

"మరి ఆయన ఏం చేసి ఉండాల్సింది?"

"అందరి ముందూ నేను తప్పు ఒట్టేశానని చెప్పి ఉండాల్సింది."

"నేనూ అదే చేస్తానండి. ఆదివారం అందరూ సాక్ష్యాలు చెప్పేటప్పుడు నాకు ఐదు నిమిషాలివ్వండి."

"ఆదివారం ఆరాధనలో ఎన్నికల మాట వద్దని నేనే రూలు పెట్టాను."

"ఎన్నికల మాట కాదండి. బైబిలు మాట. తెచ్చి పట్టుకుంది నేను."

ఆయన కిటికీ లోంచి బయటికి చూశారు. అక్కడి నుంచి సమాధుల తోట కనిపించదు కానీ ఆ వైపే చూశారు.

"గోడ పోతుంది మల్లేశ్వరమ్మా. మన తరంలో మళ్లీ ఎవరూ కట్టరు."

"పోతుందండి" అంది.

ఆయన తల ఊపారు. "ఐదు నిమిషాలే" అన్నారు.

*

ఆదివారం ఆమె ముందుకు వచ్చింది. మైకు తీసుకోలేదు. గొంతు పెద్దదే.

"మంగళవారం నేను చేసిన తప్పు చెప్పుకోడానికి వచ్చా. పుస్తకం తెమ్మన్నది అతను. తెచ్చింది నేను. మీరు నన్ను చూసి చెయ్యేశారు. మనం డబ్బు తీసుకోం అని పన్నెండేళ్లుగా గొప్ప చెప్పుకున్నాం. ఆ గొప్పలోనే పడ్డాం. చీరల లైనులో వానొస్తే నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయో మనందరికీ తెలుసు. మన గోడ కోసం వాళ్ల సంగతి మర్చిపోయి, అదీ బైబిలు మీద చెయ్యేసి మర్చిపోయాం. నేను దేవుడి దగ్గర క్షమాపణ అడిగా. ఇప్పుడు మీ దగ్గర అడుగుతున్నా. నా ఒట్టు నేను తీసేసుకుంటున్నా."

రెండో వరసలో సుబ్బరత్నం లేచింది.

"ఏవే మల్లీ, నా ముసలాడి మీద లారీలు తిరుగుతున్నాయే! నీకు తెలీదా? నీ వాళ్లెవరన్నా ఉన్నారా అక్కడ?"

"మా అత్తగారు ఉంది పెద్దమ్మా. మీ ఆయన పక్క వరసే."

"మరి?"

"మరి ఆవిడ పోయింది. ప్రభువు లేపినప్పుడు లారీలు అడ్డం రావు. చీరల లైనులో ఉన్నవాళ్లు ఇంకా బతికున్నారు."

వెనక ఎవరో నవ్వి ఆపుకున్నారు. సుబ్బరత్నం కూర్చోలేదు.

"ఒట్టు తప్పితే నా మనవడికేమన్నా అయితే ఎవరిదే పూచీ?"

ఈ భయం ఆమె ఒక్కదానిదే కాదని నాగమల్లేశ్వరికి తెలుసు. చాలామంది తల దించుకుని ఉన్నారు. ఆమె సుబ్బరత్నం దగ్గరికి నడిచింది.

"పెద్దమ్మా, అమ్మవార్లను కొలిచే ఇంట్లో పుట్టి వచ్చినదాన్ని. ఒట్టు తప్పితే కళ్లు పోతాయని వినే పెరిగా. ఆ భయం వద్దనే కదా ఇక్కడికొచ్చా. మన దేవుడు పిల్లల మీద కసి తీర్చుకునేవాడని మనకి ఎవరు చెప్పారు? తప్పయిందంటే వినేవాడనే కదా మనం రోజూ పాడేది. పాడింది నమ్మమంటున్నా."

తర్వాత అందరి వైపు తిరిగింది.

"ఎవరికెయ్యాలో నేను చెప్పను. అయ్యగారూ చెప్పరు. వేసొచ్చాక ఇంటికెళ్లి ప్రార్థనలో కూర్చుంటారు కదా. ప్రభువా, ఫలానా వాళ్లకి వేశా, ఇందుకు వేశా అని ఆయనతో చెప్పుకోగలగాలి. చెప్పుకోడానికి నోరు రాని ఓటు వెయ్యొద్దు. అంతే."

పాస్టరు గారు లేచి, ఒట్టు తీసేసుకునేవాళ్లు ఎవరి స్థలంలో వాళ్లు నిలబడమన్నారు. మొదట ఇద్దరు లేచారు. ఆ తర్వాత ఒక వరస మొత్తం. నాగమల్లేశ్వరి లెక్కపెట్టలేదు. ఆయన ప్రార్థన చేశారు. సుబ్బరత్నం అప్పటికే నిలబడి ఉంది కాబట్టి ఆమె ఒట్టు తీసుకుందో, పోట్లాడటానికి నిలబడిందో ఎవరికీ తెలియలేదు.

బల్ల దగ్గర నాగమల్లేశ్వరి రొట్టె తీసుకుంది.

*

సోమవారం ధనుంజయ్ షాపుకు వచ్చాడు.

"మీరు చేసింది పద్ధతి కాదక్కా. నలభై ఒక్క ఓట్లు అన్నగారికి లెక్క చెప్పేశా. నా పరువేం కావాలి?"

"నువ్వు మా మందిరంలో ప్రార్థన అయ్యేదాకా తల వంచుకుని కూర్చున్నావు. అంతవరకు బాగుంది. ఆ తర్వాతది నీ తప్పు సగం, నా తప్పు సగం. నా సగం నేను చెప్పుకున్నా."

"వీడియో ఉందక్కా నా దగ్గర."

"నా మొహం బాగా పడిందా?"

"పడింది."

"అయితే అందరికీ చూపించు. కింద నిన్నటి మాట కూడా రాయి. ఈవిడే తప్పయిందని చెప్పిందని."

సాంబమూర్తి కౌంటరు వెనక గట్టిగా నవ్వాడు. "పోవయ్యా ధనుంజయ్. నిమ్మకాయలు కొనుక్కో, చవగ్గా ఉన్నాయి."

ధనుంజయ్ బండి స్టార్టు చేసి, మళ్లీ ఆపాడు. "గోడ మాత్రం మర్చిపోండక్కా" అన్నాడు.

"మర్చిపోం. గెలిచినవాళ్లు ఎవరైనా సరే, వచ్చి అడుగుతాం. మీ అన్నగారైతే ఆయన్నీ అడుగుతాం. అది మా హక్కు."

*

బుధవారం పొద్దున ఏడింటికే మున్సిపల్ స్కూలు దగ్గర వరస మొదలైంది. నాగమల్లేశ్వరి జాన్‌బాబుతో కలిసి వచ్చింది. మగవాళ్ల వరస వేరు. ఆడవాళ్ల వరసలో ఆమెకు ముందు సుబ్బరత్నం నిలబడి ఉంది. ఆదివారం నుంచి మాట్లాడలేదు. ఇప్పుడూ వెనక్కి తిరగలేదు.

పార్టీలవాళ్లు దాటకూడని సున్నం గీత అవతల ధనుంజయ్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వచ్చేవాళ్ల మొహాలు చూస్తున్నాడు. సుబ్బరత్నం అతన్ని చూసి వరస వదిలి గీత దాకా నడిచింది. నాగమల్లేశ్వరి ఆమె స్థలం పట్టుకుని నిలబడింది.

"బాబూ, నా ఒట్టు నేను తీసేసుకున్నా. నీకు చెప్పాలిగా. చెప్తున్నా" అంది సుబ్బరత్నం.

"సరే పెద్దమ్మా" అన్నాడతను.

ఆమె తిరిగి వచ్చి నిలబడింది. వరస నాలుగడుగులు కదిలాక వెనక్కి తిరిగింది.

"ఎవరికెయ్యమంటావే?"

"చెప్పనన్నాగా పెద్దమ్మా."

"నాకొక్కదానికే చెప్పు."

"నీకొక్కదానికి కూడా చెప్పను."

"మహా నీతిమంతురాలివి" అంది సుబ్బరత్నం. అయినా నాగమల్లేశ్వరి భుజం పట్టుకునే మెట్లెక్కింది.

లోపల నాగమల్లేశ్వరికి ఎక్కువ సమయం పట్టలేదు. వారం రోజుల కిందటే తేలిన విషయం, మోకాలి లోతు నీళ్లలో మూట పట్టుకున్నప్పుడు. రేణుక గుర్తు వెతికి ఓటేసింది.

బయటికి వచ్చేసరికి సుబ్బరత్నం గేటు దగ్గర సిరా వేలు ఊదుకుంటూ నిలబడి ఉంది.

"వేశావా పెద్దమ్మా?"

"వేశా. గోడకే వేశా."

నాగమల్లేశ్వరి ఆగిపోయింది.

"అట్టా చూడకు. ఒట్టు కోసం వెయ్యలేదు. ఒట్టు పోయింది. భయపడీ వెయ్యలేదు. రాత్రి ప్రార్థనలో అడిగా. ప్రభువా, నాకు గోడ కావాలి, నా ముసలాడి మీద బళ్లు తిరగడం నేను చూడలేను, ఆ పిల్ల కాలవ బాగు చేస్తదేమో, కానీ నాకు ఇంకెన్నాళ్లుందో తెలీదు, అందుకని ఇతనికి వేస్తున్నా, తప్పయితే క్షమించు, అని చెప్పుకున్నా. నోరొచ్చింది. నువ్వు అన్నది అదేగా?"

"అదే."

"మరి కోపమా?"

నాగమల్లేశ్వరి ఒక్క క్షణం తన మనసు చూసుకుంది. అందులో కోపం లేదు. ఎనిమిది రోజుల కిందట ఈ మనిషి తన చేతుల్లో ఉన్న పుస్తకం మీద భయంగా చెయ్యి పెట్టింది. ఇవాళ ఓటేసి వచ్చి తన ఎదట నిటారుగా నిలబడింది.

"కోపం లేదు. కానీ నువ్వు వేసింది తప్పు పెద్దమ్మా."

"నువ్వు వేసిందే తప్పు."

"వచ్చే వాన నాడు చీరల లైనుకి తీసుకెళ్తా. నీళ్లలో నిలబడి ఈ మాట అను చూద్దాం."

"తీసుకెళ్లు. నేను నిన్ను తోటకి తీసుకెళ్తా. ఆ విరిగిన సిలువ పట్టుకుని నువ్వు అను."

జాన్‌బాబు మగవాళ్ల గేటు నుంచి వచ్చేసరికి ఇద్దరూ ఆటో స్టాండు దాకా వెళ్లిపోయి ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆయన వెనకే నడిచాడు.